ఎవరూ లేరన్నాను

నన్ను మంచిమనిషి అని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండిపోతుంది. ఇన్నేళ్లుగా ఆ మాట వింటూనే ఉన్నాను. వినడం, తల వంచుకోవడం, లోపల ఉడికిపోవడం. గుండె మీద ఇంత బరువు ఉందని ఎవరికీ తెలియనివ్వలేదు. మొన్న ఆదివారం కూడా బొంబాయి నుంచి భార్యాభర్తలు ఇద్దరు వచ్చారు. నేను పనిచేసిన ఇంటావిడ సారా అమ్మకి దూరపు చుట్టాలట. నా రెండు చేతులూ పట్టుకుని, మావాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయినా మీరు ఆమెని వదిలిపెట్టలేదు, మీలాంటివాళ్లు ఉండబట్టే ఈ ఊళ్లో మా పేరు మిగిలింది అన్నారు. ఆ భార్య కళ్లనీళ్లు కూడా పెట్టుకుంది. ఆ చేతులు విదిలించుకుని అరవాలనిపించింది. అరవలేదు. కాఫీ కలిపి ఇచ్చాను.

వాళ్లు వెళ్లాక గ్లాసులు కడుగుతూ అనుకున్నాను, ఇక చెప్పేయాలని. వాళ్ల ముఖం మీద చెప్పే ధైర్యం నాకు లేదు. మీకు చెబుతాను. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు అక్కర్లేదు. ఒక్కటే కోరుకుంటాను. మధ్యలో నా మీద జాలిపడకండి. ఎవరైనా జాలిపడితే నేను అబద్ధాలు మొదలుపెడతాను. నా సంగతి నాకు తెలుసు.

మాది బెంగళూరులో నగర్తపేట. తాతల కాలంలో కడప వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. పట్టునూలు పని. పెళ్లయిన కొన్నాళ్లకే మా ఆయన విషజ్వరంతో పోయాడు. పిల్లలు లేరు. అత్తవారింట్లో నాకు మిగిలింది ఒక మూల, ఒక చాప. యుద్ధం వస్తుందని అందరూ చెప్పుకుంటున్న రోజుల్లో, దండులో, అంటే కంటోన్మెంటులో, ఒక యూదుల ఇంట్లో పెద్దావిడకి వంటకీ తోడుకీ మనిషి కావాలని తెలిసింది. యూదులంటే ఎవరో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. వాళ్లూ ఒక రకం దొరలే అనుకున్నాడు మా మామగారు. అక్కడ తిన్నాక మళ్లీ నా వంటింటి గడప తొక్కొద్దని మా అత్తగారు తెగేసి చెప్పింది. సరేనన్నాను. తొక్కలేదు కూడా.

సారా అమ్మ దొరసాని కాదు. ఆమె మామగారు ఎప్పుడో బాగ్దాదు నుంచి గుర్రాల వ్యాపారానికి వచ్చి ఈ ఊళ్లోనే ఉండిపోయాడు. ఆమె పుట్టింది, పెరిగింది దండులోనే. హిందూస్తానీ, అరవం, ఇంగ్లీషు, అన్నీ వచ్చు. నాతో మా నగర్తపేట తెలుగే మాట్లాడేది. భర్త పోయాడు. సంతానం లేదు. మరిది దావూద్ సాహెబు, పెళ్లి చేసుకోని మనిషి, ఇంటి వెనక గదిలో ఉండేవాడు. మేడ మీద పెద్ద హాలు ఉండేది. అదే వాళ్ల గుడి. చెక్క బీరువాలో పట్టుగుడ్డలు తొడిగిన వాళ్ల ధర్మగ్రంథాల చుట్టలు ఉండేవి. ప్రార్థన చదివించేది దావూద్ సాహెబే.

అయితే చదివించడానికి మనుషులేరీ? వాళ్ల నియమం ఏమిటంటే, తమవాళ్లు పదిమంది మగవాళ్లు కూడితేనే కొన్ని ప్రార్థనలు చెప్పుకోవాలి. చచ్చిపోయినవాళ్ల కోసం చెప్పేది కూడా అందులో ఒకటి. నేను చేరేసరికే బొంబాయికి కొందరు, కలకత్తాకి కొందరు, తెల్లదొరల సీమకి కొందరు వెళ్లిపోయి, పదిమంది కూడటం గగనమైపోయింది. పెద్ద పండక్కి కోలారు గనుల నుంచి ఒకరిద్దరు వస్తే సరి. లేకపోతే హాలు తలుపు తీసేవాళ్లు కాదు. దావూద్ సాహెబు కింద వరండాలో ఒంటరిగా కూర్చుని పెదవులు కదుపుతూ ఉండేవాడు.

వంటింటి పద్ధతులు నేను నెల తిరక్కుండా నేర్చుకున్నాను. పాల గిన్నెలు వేరు, మాంసం గిన్నెలు వేరు. రెంటినీ ఒక తొట్టిలో కడగకూడదు. మాంసం కూరలో పాలూ పెరుగూ పడకూడదు కాబట్టి కొబ్బరిపాలు పోయాలి. శుక్రవారం పొద్దుగూకితే శనివారం పొద్దుగూకేదాకా వాళ్లు నిప్పు ముట్టించరు. ఆ పని నాది. మా అవ్వ మడి కట్టుకుని వండేది. ఆమె చేతి కింద పెరిగిన నాకు ఇందులో వింతేమీ కనిపించలేదు. ఒక్కనాడు కూడా గిన్నె మార్చలేదు. ఇది కూడా మీరు తెలుసుకోవాలి. నేను ఆ ఇంటి నియమాన్ని ఆ ఇంటివాళ్ల కన్నా గట్టిగా పట్టుకున్నాను. పుట్టినింటిలో, మెట్టినింటిలో నాది అనుకోవడానికి ఏమీ లేనిదాన్ని. ఆ వంటిల్లు నాది అనుకున్నాను.

యుద్ధం వచ్చింది. యుద్ధంతోపాటు మనుషులు వచ్చారు. జర్మనీ నుంచి ప్రాణాలు దక్కించుకుని పారిపోయి వచ్చిన యూదులు. ఒక పళ్ల డాక్టరు, ఒక తోలు వర్తకుడు, ఫిడేలు వాయించే ఒక ముసలాయన. వీళ్లూ జర్మనీవాళ్లే కదా అని సర్కారు మొదట కొందరిని నిర్బంధంలో పెట్టి, తర్వాత వదిలిపెట్టింది. ఆ తర్వాత సిపాయిలు. తెల్లవాళ్ల పటాలాల్లో వీళ్లవాళ్లు ఇంతమంది ఉంటారని సారా అమ్మకే తెలియదు. శుక్రవారం సాయంత్రం బూట్ల చప్పుడుకి మేడమెట్లు అదిరేవి. మొదటిసారి హాలు నిండిన రోజు దావూద్ సాహెబు ప్రార్థన మొదలుపెట్టి, ఆగి, మళ్లీ మొదటి నుంచి అందుకున్నాడు. నేను మెట్ల కింద నిలబడి విన్నాను. ఆ దీపాలు చింతపండు పెట్టి తోమింది నేనే. చచ్చిపోతున్న ఇల్లు లేచి కూర్చుంది. నాకు సంతోషమైంది. నిజంగానే అయింది. అప్పటికింకా నాలో ఏ విషమూ లేదు.

పళ్ల డాక్టరు భార్య పేరు హన్నా. సారా అమ్మ వాళ్లకి ముందుగది ఇచ్చింది. సన్నటి మనిషి. ఆమె మాట నాకు రాదు, నా మాట ఆమెకి రాదు. వచ్చిన రెండో రోజే వంటింట్లోకి వచ్చి, నేను కడిగి బోర్లించిన గిన్నెలు ఒక్కొక్కటే ఎత్తి వాసన చూసి, మరిగే నీళ్లలో మళ్లీ ముంచింది. చూస్తూ ఊరుకున్నాను. కొత్త మనిషి కదా అనుకున్నాను. మర్నాడు మళ్లీ ముంచింది. ఆ మర్నాడూ అంతే.

పస్కా పండుగకి సారా అమ్మ ఇంట్లోనే ద్రాక్షసారా చేసేది. ఎండుద్రాక్ష నానబెట్టి, పిసికి, వడగట్టాలి. ఆమె చేతులు నొప్పి పుట్టడం మొదలైనప్పటి నుంచి వడగట్టేది నేనే. ఎవరూ వద్దనలేదు. ఆ ఏడు పండుగ భోజనానికి బల్ల చుట్టూ సిపాయిలు, పళ్ల డాక్టరు, అందరూ కూర్చున్నారు. నేను కొత్తచీర కట్టుకుని కూజా పట్టుకుని వెళ్లాను. హన్నా లేచింది. నా చేతిలోంచి కూజా తీసుకుంది. తిన్నగా పెరట్లోకి వెళ్లి కాలవలో కుమ్మరించేసింది. తిరిగి వచ్చి నా వైపు వేలు చూపించి, ఆ వేలు అడ్డంగా ఆడించింది. నువ్వు ముట్టుకోకూడదు అని.

ఒక సిపాయి తన కంచంలోకి చూసుకున్నాడు. దావూద్ సాహెబు కళ్లు మూసుకున్నాడు. నేను సారా అమ్మ వైపు చూశాను. ఒక్క మాట అంటుందని చూశాను. ఆమె ఒళ్లోని గుడ్డ సర్దుకుంది.

మర్నాడు పొయ్యి దగ్గరికి వచ్చి నా వీపు నిమిరింది. "బేజారు చేసుకోవద్దప్పా. ఆ పిల్ల ఇల్లూ వాకిలీ అన్నీ పోగొట్టుకోని వచ్చినాది. నియమం ఒక్కటే మిగిలుండాది ఆ పిల్లకి."

సరేనమ్మా అన్నాను. మరి నాకేం మిగిలుండాదమ్మా అని అడగలేదు. అడగాల్సింది. అడిగి, ఏడ్చి, పోట్లాడి, మూట కట్టుకుని వెళ్లిపోయి ఉంటే ఈ రోజు మీకు చెప్పుకోవాల్సింది ఏమీ ఉండేది కాదు. నేను పోట్లాడే మనిషిని కాను. లోపల పెట్టుకునే మనిషిని.

మీరు అడగబోయేది నాకు తెలుసు. మా ఇంట్లో మడి లేదా? ఉంది. మా దొడ్డి ఊడ్చే ముసలమ్మకి నేనే కొబ్బరిచిప్పలో మజ్జిగ పోసేదాన్ని, ఎత్తు నుంచి, ధార తగలకుండా. ఆమె ఎన్నడైనా నా ముఖంలోకి చూసిందా, ఆమె ముఖం ఎలా ఉండేది, నాకు జ్ఞాపకం లేదు. ఆ రోజు కాలవలో ద్రాక్షసారా పారుతుంటే ఆ ముసలమ్మ గుర్తొచ్చిందని రాస్తే ఎంత బాగుంటుందో. గుర్తు రాలేదు. ఎన్నో ఏళ్లకి గానీ గుర్తు రాలేదు. ఆ రోజు నాకు తెలిసింది ఒక్కటే. నన్ను, పట్టునూలు ఇంటి కోడలిని, అంతమంది ఎదుట మైల అన్నారు.

ఆ తర్వాత నా పొయ్యి పెరట్లోకి మారింది. లోపలి పొయ్యి హన్నాది. శనివారం నిప్పుకి మాత్రం నేను కావాలి.

యుద్ధం ముగిశాక కబురు వచ్చింది. హన్నా తల్లీ, చెల్లెళ్లూ, వాళ్ల పిల్లలూ ఎవరూ మిగల్లేదని. ఆమె వంటింట్లో నేల మీద కూలబడింది. చావు ఇంట్లో వాళ్లు ఉడికించిన గుడ్లు పెడతారు. సారా అమ్మ లేవలేని స్థితిలో ఉంటే నేనే నా పొయ్యి మీద, నా గిన్నెలో గుడ్లు ఉడకబెట్టి తీసుకెళ్లాను. హన్నా గిన్నె వైపు చూడను కూడా చూడలేదు. నా చేతిలోంచి తీసుకుని తింది. అప్పుడు నాకు ఏమనిపించిందో చెప్పనా? జాలి కాదు. ఇప్పుడు మైల అంటదా అనిపించింది. గెలిచాననిపించింది. ఒక ఆడది కుటుంబమంతా పోగొట్టుకుని నేల మీద కూర్చుంటే, నేను గెలిచాననుకున్నాను. అప్పటికే పాడైపోయాను.

ఆ తర్వాత ఒక్కొక్కరే ఖాళీ చేశారు. సిపాయిలు వాళ్ల దేశాలకి వెళ్లారు. తోలు వర్తకుడు అమెరికాకి, ఫిడేలు ముసలాయన కొడుకు దగ్గరికి. హన్నా దంపతులు ఆస్ట్రేలియాకి. వెళ్లే రోజు హన్నా నా చెంప మీద చెయ్యి వేయబోయింది. ముఖం తిప్పుకున్నాను. ఆ చెయ్యి కాసేపు గాల్లోనే ఉండి దిగిపోయింది.

పొయ్యి మళ్లీ నాదైంది. హాలు తలుపు మళ్లీ మూతపడింది. దేశానికి స్వాతంత్ర్యం వచ్చేనాటికి ఊళ్లో వాళ్ల పెద్ద మగవాళ్లు ముగ్గురే మిగిలారు. జబ్బుపడి వెనక గదికే పరిమితమైన దావూద్ సాహెబు, మరో ఇద్దరు ముసలివాళ్లు. సారా అమ్మ కళ్లకి పొర కమ్మింది. వెలుగూ చీకటీ తప్ప మనుషులు ఆనేవారు కాదు. అన్నం కలిపి పెట్టడం, తల దువ్వడం, చెయ్యి పట్టుకుని నడిపించడం, అన్నీ నేనే.

దేశం రెండు ముక్కలైన మరుసటి ఏడు. ఒక మధ్యాహ్నం సారా అమ్మ మంచం మీద పడుకుని ఉంది. నేను కాళ్లు పిసుకుతున్నాను. ఆమె హన్నా ఉన్న రోజులు, సిపాయిల రోజులు తలుచుకుంటోంది. తలుచుకుని నిట్టూర్చి అంది.

"అప్పుడు ఇల్లు ఇల్లు మాదిరి ఉండె. ఇప్పుడేముండాది? ఎవరూ లేరు."

ఆమె పాదం నా ఒళ్లో ఉంది. నా రెండు చేతులూ ఆమె పాదం మీద ఉన్నాయి. ఎవరూ లేరట. కాసేపటికి ఆమె కునుకు పట్టింది. నేను లేచి వరండాలోకి వచ్చాను. అప్పుడే గేటు తీసిన చప్పుడైంది.

ఇరవై ఐదేళ్ల లోపు కుర్రవాడు. నలిగిన కోటు, దుమ్ము కొట్టుకుపోయిన బూట్లు. తల మీద దావూద్ సాహెబు పెట్టుకునేలాంటి చిన్న టోపీ. హిందూస్తానీలో అడిగాడు.

"అమ్మా, యూదుల ప్రార్థన మందిరం ఈ ఇంట్లోనే అని చెప్పారు. నిజమేనా?"

"ఉండేది. మూసేసినారు."

"వాళ్లు ఎక్కడున్నారు?"

"పోయినారు. అందరూ పోయినారు."

అతను గుమ్మం దాకా వచ్చాడు. గుమ్మం పక్కన చెక్కకి కొట్టిన చిన్న వెండి గొట్టం ఉంటుంది. వాళ్ల దేవుడి మాటలు రాసి చుట్టి అందులో పెడతారు. అతను దాన్ని వేళ్లతో తాకి, ఆ వేళ్లు ముద్దు పెట్టుకున్నాడు.

"మరి ఇది ఇంకా ఉంది కదా?"

"అది పాతవాళ్లది. పీకేసేదానికి ఎవురికీ తీరలేదు."

"మేము కరాచీ నుంచి వచ్చామమ్మా. అక్కడ ఇక ఉండలేక వచ్చేశాం. నాన్న, చిన్నాన్న, అన్నదమ్ములం, మొత్తం ఏడుగురు మగవాళ్లం. ఇక్కడ ఫ్యాక్టరీలో నాకు, మా అన్నకి పని దొరికేలా ఉంది. మావాళ్లు ఉన్న ఊరైతేనే ఉందాం, లేకపోతే బొంబాయి వెళ్లిపోదాం అంటున్నాడు నాన్న. ఇద్దరు ముగ్గురైనా లేరా?"

ఏడుగురు. నాకు లెక్క రాక కాదు. ఆ ఇంట్లో పది అనే మాట వినని రోజు లేదు. ఏడుగురికి ముగ్గురు కలిస్తే ఎంతో ఆ క్షణంలోనే నాకు తెలిసింది. మెట్ల మీద బూట్ల చప్పుడు వినిపించింది. వీళ్ల వెనక వచ్చే ఆడవాళ్లు కనిపించారు. వంటింట్లోకి వచ్చి నా గిన్నెలు వాసన చూసే ఆడవాళ్లు.

"ఒక్కరూ లేరా అమ్మా?"

"చెప్తాండాను కదప్పా. ఎవరూ లేరు."

అతను తల ఊపాడు. తాగడానికి నీళ్లు అడుగుతాడనుకున్నాను. అడగలేదు. మళ్లీ ఒకసారి ఆ వెండి గొట్టాన్ని తాకి, గేటు జాగ్రత్తగా దగ్గరికి వేసి వెళ్లిపోయాడు. వీధి మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాను. పిలవొచ్చు. గొంతెత్తి ఒక్క కేక వేస్తే వెనక్కి వచ్చేవాడు. కాసేపు కాదు, చాలాసేపు కనిపిస్తూనే ఉన్నాడు. వీధి పొడుగుది. పిలవలేదు.

లోపలి నుంచి సారా అమ్మ అడిగింది, "ఎవరప్పా వచ్చినాది?"

"ఎవరూ లేదమ్మా. గాలికి గేటు తట్టుకునింది."

కోపంలో నోరు జారిందని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. నోరు జారినవాళ్లు మర్నాడు సర్దుకుంటారు. అతను ఏదో ఫ్యాక్టరీ అన్నాడు. ఊళ్లో ఫ్యాక్టరీలు ఎన్ని ఉన్నాయి గనక? వెళ్లి వెతికించొచ్చు. దావూద్ సాహెబుతో ఒక్క మాట చెబితే ఆ జబ్బు మనిషి జట్కా కట్టించుకుని ఊరంతా తిరిగి ఉండేవాడు. ఆ సాయంత్రం చెప్పలేదు. ఆ వారం చెప్పలేదు. ప్రతి పొద్దూ లేవగానే ఈ రోజు కూడా చెప్పను అని కొత్తగా నిర్ణయించుకున్నాను. కాబట్టి నేను చేసిన తప్పు ఒక్క క్షణానిది కాదు. నా మీద నాకే ఒళ్లు మండేది ఇక్కడే.

వానలు వెనకబట్టేసరికి దావూద్ సాహెబు పోయాడు.

వాళ్ల శ్మశానం ఊరికి అటువైపు, మైసూరు రోడ్డులో ఉంది. సారా అమ్మ నేనూ వస్తానని పట్టుబడితే జట్కాలో తీసుకెళ్లాను. గుంత తవ్వి, దింపి, మన్ను కప్పడానికి సాయం పట్టింది వీధిలోని తురక పిల్లలు. ఆ ఇద్దరు ముసలివాళ్లు తల దగ్గర నిలబడ్డారు. ఒకాయన అలవాటు కొద్దీ నోరు తెరిచి ప్రార్థన మొదటి మాట పలికాడు. రెండో ఆయన ఆయన మోచెయ్యి పట్టుకుని నొక్కాడు. ఆయన నోరు మూసుకున్నాడు. ఎంతోమంది చావులకి ఆ ప్రార్థన చదివించిన మనిషి మట్టిలో ఉన్నాడు. ఆయన కోసం చెప్పడానికి కుదర్లేదు.

సారా అమ్మకి కనిపించదు కదా. నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "ఎందుకప్పా నిలిపేసినారు?" అని అడిగింది.

నేనే చెప్పాల్సి వచ్చింది. "పదిమంది లేరమ్మా." ఈ నోటితోనే చెప్పాను.

మరుసటి ఏడు బొంబాయి నుంచి వ్యాపారం పని మీద వచ్చిన ఒకాయన, సారా అమ్మ సంగతి ఊళ్లో విని, చూడటానికి వచ్చాడు. మాటల్లో అన్నాడు. మీరింకా ఇక్కడ ఉన్నారని మాకు తెలియదు, కరాచీ కుటుంబం ఒకటి బెంగళూరులో ఉండాలని వస్తే, ఈ ఇంటి దగ్గరే ఎవరో ఆడమనిషి అందరూ వెళ్లిపోయారని చెప్పిందట, దొరికిన పని వదులుకుని బొంబాయి వచ్చేశారు అని. నేను అప్పుడు సారా అమ్మ తల దువ్వుతున్నాను. నా చెయ్యి ఆగలేదు. ఆగితే తెలిసిపోతుందని దువ్వుతూనే ఉన్నాను.

వాళ్లు ఏడుగురు మగవాళ్లని ఆయన చెప్పగానే సారా అమ్మ వేళ్లు మడిచి లెక్క పెట్టుకుంది. ఆమె ముఖం ఎర్రబడటం నేను అంతకు ముందు చూడలేదు. "ఎవరిదప్పా ఆ నోరు? ఆ నోటికి పురుగులు పడా! నా మరిదిని దిక్కులేని పీనుగు మాదిరి పూడ్చినాము కదప్పా! అది చచ్చేనాటికి దాని పక్కన ఒక్కరూ ఉండకూడదు!"

ఆ రోజు మొదలు ప్రతి శుక్రవారం, దీపాలు వెలిగించాక, ఆమె ఆ ముఖం తెలియని ఆడదాన్ని తిట్టేది. శాంతంగా బతికిన మనిషి, ఆ ఒక్క విషయంలో మాత్రం నోటికొచ్చినంత తిట్టేది. నన్ను కూడా అడిగేది, ఎవరై ఉంటారే, పక్కింటి ఆయానా, పాలదా అని. నేను ఏం చేశానో తెలుసా? నేనూ తిట్టాను. అవునమ్మా, అది సర్వనాశనం అయిపోవాలమ్మా అన్నాను. పాలామె కావచ్చు అని కూడా అన్నాను. పాపం, పాలు పోసే ముత్యాలమ్మని ఆ నెల నుంచే మాన్పించేసింది. ఆ ముత్యాలమ్మ గేటు బయట నిలబడి, నేనేం చేసినానమ్మా అని అడుగుతుంటే, తలుపు వేసింది నేను.

దీన్ని ఏ సబ్బు పెట్టి కడగమంటారు?

సారా అమ్మ ఊరుకోలేదు. మేము ఇంకా చావలేదు, ఉన్నామని ఆ కుటుంబానికి చెప్పమని ఆ బొంబాయి ఆయనతో కబురంపింది. అప్పటికే వాళ్లలో చాలామంది యూదులకంటూ కొత్తగా ఏర్పడిన దేశానికి ఓడ ఎక్కేశారు. ఇద్దరు అన్నదమ్ములు మాత్రం మిగిలారు. ఆ ఇద్దరూ వచ్చారు. పెద్దవాడు, ఆ రోజు గేటు దగ్గరికి వచ్చినవాడు. పేరు ఎలియాస్.

తలుపు తీసింది నేనే. అతను నన్ను చూశాడు. గుర్తుపట్టాడు. పక్కకి తప్పుకుని దారి ఇచ్చాను. లోపలికి తీసుకెళ్లి సారా అమ్మ ముందు కూర్చోబెట్టాను. ఆమె అతని ముఖాన్ని చేతులతో తడిమి, "ఆ పొద్దు నీకు చెప్పినాది ఎవరప్పా? ఎట్లా ఉండింది?" అని అడిగింది. నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను. అతను నా వైపే చూస్తూ అన్నాడు, "సరిగా చూడలేదమ్మా. దారిన పోయే మనిషి."

తర్వాత బావి దగ్గరికి వచ్చాడు. నేను ఏడుస్తూ ఏదో అనబోయాను. చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు.

"నువ్వు పోతే ఆమెకి అన్నం పెట్టేవాళ్లు లేరు. అందుకే ఊరుకున్నాను. ఆమె కోసం. నీ కోసం కాదు."

అంతే. అతను మళ్లీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. నాతో అవసరానికి మించి ఒక్క మాటా మాట్లాడలేదు.

ఎలియాస్ ఒక పాత సైకిలు కొనుక్కుని మనుషుల కోసం ఊరు గాలించాడు. పటాలంలో ఒక డాక్టరు దొరికాడు. కోలారు గనుల్లో ఒక తండ్రీ, ఇద్దరు కొడుకులూ. ఏదో కంపెనీ పని మీద వచ్చి హోటల్లో దిగిన ఒకాయన. వైట్‌ఫీల్డు దగ్గర పేరు మార్చుకుని బతుకుతున్న ఒక ముసలాయన. బతిమాలి, పోట్లాడి, బస్సు ఎక్కించి తెచ్చాడు. దావూద్ సాహెబు పోయి ఏడాది నిండిన రోజుకి హాలు తలుపు తెరిచారు. పదిమంది కూడారు. శ్మశానంలో నోట్లోనే ఆగిపోయిన ప్రార్థన ఆ సాయంత్రం చెప్పారు. సారా అమ్మ మేడ ఎక్కలేక కింద మెట్టు మీద కూర్చుని వింది. ఆమె పక్కన నేను కూర్చున్నాను. అది ముగిశాక ఆమె నా భుజం మీద తల వాల్చి, "నువ్వు లేకుంటే ఈ పొద్దు చూసుండను" అంది.

లేచి పెరట్లోకి పోయి, నా నెత్తి మీద నేనే కొట్టుకున్నాను. నన్ను నేను చంపుకోవాలన్నంత కోపం వచ్చింది. ఆమె మీద కూడా వచ్చింది. ఎందుకు నన్ను పొగడాలి? పస్కా రోజు అనాల్సిన మాట ఇప్పుడు ఎందుకు అనాలి?

ఆ తర్వాత కొన్నేళ్లు అప్పుడప్పుడు హాలు తెరుచుకుంది. సారా అమ్మ పోయినప్పుడు ప్రార్థనకి లోటు రాలేదు. ఎలియాస్ చూసుకున్నాడు. పోయే ముందు ఆమె వెనక గది నా పేర రాయించింది. చేతులు జోడించి వద్దన్నాను. వినయం అనుకున్నారు. అందులోనే ఉన్నాను ఇప్పటికీ. ఆమె మంచం పక్కన కూర్చున్న ఆఖరి రోజుల్లో ఎన్నోసార్లు నోరు తెరిచాను. అమ్మా, ఆ ఆడది అని మొదలుపెట్టేదాన్ని. ఆ మాట వినగానే ఆమె మళ్లీ తిట్టడం అందుకునేది. నేను ఆపేసేదాన్ని. తెలుసుకోకుండానే పోయింది. అది ఆమెకి మంచిదైంది అని నాకు చెప్పకండి. ఆమెకి నిజం తెలుసుకునే హక్కు ఉండింది. తన్ని తగలేసే హక్కు ఉండింది. అది కూడా నేనే తినేశాను.

ఇప్పటికి ఎవరి మీద కోపం తగ్గింది? హన్నా మీద తగ్గలేదు. ఆమెకి ఏం జరిగిందో అంతా తెలిసి కూడా, కళ్లు మూసుకుంటే ఆ కూజా కనిపిస్తుంది, ఆ వేలు కనిపిస్తుంది, పళ్లు పటపటమంటాయి. సారా అమ్మ మీద సగం తగ్గింది. ఎలియాస్ మీద, అతను నన్ను తిట్టనందుకు, అసలు తగ్గలేదు. నా మీద మాత్రం ఏటేటా పెరుగుతోంది. నేను మారానని, పశ్చాత్తాపంతో శుద్ధి అయ్యానని మీరు అనుకుంటే పొరపాటు. ఆ మధ్యాహ్నం మళ్లీ వస్తే ఏం చేస్తానో నాకే తెలియదు. అతన్ని లోపలికి పిలుస్తాను అని ఒట్టు పెట్టలేను. పిలవాలని ఉంది. అంతవరకే చెప్పగలను.

క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. క్షమించాల్సినవాళ్లు మట్టిలో ఉన్నారు. ఒకామె సముద్రాల అవతల ఉందో లేదో తెలియదు. ముత్యాలమ్మ ఎటుపోయిందో తెలియదు. మీరు ఈ కాగితం చించేసినా సరే, బొంబాయి వాళ్లకి చూపించినా సరే. చూపిస్తేనే నయమేమో. ఈసారి వాళ్లు వచ్చినప్పుడు నా చేతులు పట్టుకోరు.

రాయడం అయిపోయింది. బయట బాగా తెల్లవారింది. చాలా రోజుల తర్వాత ఆకలేస్తోంది. లేచి పొయ్యి వెలిగించుకుంటాను.